ఇంజనుకి ఊపిరి ఉందా? – పాత మోటార్‌సైకిల్ కంప్రెషన్ కథ

మొన్న వసంతంలో ఒక శనివారం పొద్దున్నే ఫోను మోగింది. "అన్నయ్యా, నన్ను నిలువునా ముంచేశాడు" అన్నాడు అవతలి కుర్రాడు. మా ఊరివాడే. డెన్వర్ శివార్లలో ప్రోగ్రామరు. ఈ దేశం వచ్చి రెండేళ్ళయింది. ఉద్యోగం పోయి ఇండియాకి తిరిగి వెళ్ళిపోతున్న ఇంకో తెలుగు అబ్బాయి దగ్గర ఒక పాత 250 సీసీ మోటార్‌సైకిల్ 1,400 డాలర్లకి కొన్నాడు. రెండు సిలిండర్ల బండి, గాలితో చల్లబడే ఇంజను, కార్బురేటర్ కాలం నాటిది. మూడు వారాలు బాగానే తిరిగింది. తరవాత పొద్దున పూట స్టార్టవటానికి మొరాయించింది. ఆ తరవాత పూర్తిగా పడుకుంది.

దుకాణానికి తీసికెళ్తే వాళ్ళు కంప్రెషన్ చూసి, "ఎడమ సిలిండర్లో 80, కుడి సిలిండర్లో 110. రింగులు పోయాయి, ఇంజను విప్పాలి, 1,800 డాలర్లు అవుతుంది" అన్నారట. బండి ఖరీదు కన్నా వైద్యం ఖరీదెక్కువ! మనవాడికి డబ్బు పోయిందన్న బాధ కన్నా, తెలుగువాడే తనని మోసం చేశాడన్న బాధ ఎక్కువగా ఉంది. అప్పటికే ఆ అబ్బాయికి ఓ ఘాటైన వాట్సాప్ సందేశం పంపేశాడు. నలుగురైదుగురు స్నేహితులకి చెప్పేశాడు కూడా.

"బండి నా గరాజులో పడెయ్, రేపు చూద్దాం" అన్నాను. ఆ ఆదివారం మేం చేసిన పనే ఈ నెల పాఠం. మనలో చాలామంది రోజంతా ప్రోగ్రాముల్లో తప్పులు వెతికే పనిలోనే ఉన్నాం కాబట్టి ఈ పద్ధతి మీకు కొత్తగా అనిపించదు. పనిముట్లు మాత్రమే వేరు.

అసలు కంప్రెషన్ అంటే ఏమిటి?

పెట్రోలు ఇంజను నడవాలంటే మూడు కావాలి: సరైన పాళ్ళలో గాలీ పెట్రోలూ, సరైన సమయానికి నిప్పురవ్వ, ఆ గాలిని గట్టిగా నొక్కి ఉంచగలిగే మూసిన గది. మొదటి రెండూ బయటి నుంచి తెచ్చిపెట్టేవి. మూడోదే ఇంజను ఒంట్లోని బలం. కార్బురేటర్ని శుభ్రం చెయ్యచ్చు, ప్లగ్గు మార్చచ్చు. కంప్రెషన్ పోతే మాత్రం ఇంజను లోపలికి వెళ్ళాల్సిందే. అందుకే ఆ మాట వినగానే కొన్నవాడి గుండె జారిపోతుంది.

నాలుగు స్ట్రోకుల ఇంజనులో పిస్టన్ కిందికి దిగుతూ గాలిని పీలుస్తుంది. పైకి వస్తూ ఆ గాలిని నొక్కుతుంది. ఆ సమయంలో గాలి పారిపోవటానికి నాలుగు దారులున్నాయి: గాలి లోపలికి వచ్చే ఇన్లెట్ వాల్వు, పొగ బయటికి పోయే ఎగ్జాస్ట్ వాల్వు, పిస్టన్ చుట్టూ ఉన్న రింగులు, సిలిండరుకీ హెడ్డుకీ మధ్య ఉన్న గాస్కెట్. రోగ నిర్ణయం అంటే ఈ నాలుగింటిలో ఏ దారి తెరుచుకుందో కనిపెట్టటమే. "కంప్రెషన్ తక్కువ" అన్నది రోగం పేరు కాదు, రోగ లక్షణం. జ్వరం వచ్చిందన్నంత మాత్రాన అది మలేరియానా, టైఫాయిడా, మామూలు జలుబా అన్నది తేలదు కదా!

చిన్నప్పుడు విజయవాడ ఆటోనగర్లో మా నాన్నగారి స్కూటరు బాగుచేసే మెకానిక్ బాబాయి ప్లగ్గు విప్పి, ఆ రంధ్రం మీద బొటనవేలు అదిమిపెట్టి, కిక్ కొట్టమనేవాడు. వేలు "ఠప్" మని ఎగిరిపోతే ఇంజనుకి ఊపిరి ఉన్నట్టు. పక్కనుంచి "తుస్సు" మంటే, "బోరుకొచ్చింది సార్" అనేవాడు. ఇది పనికిమాలిన పరీక్షేం కాదు. పాత బండి కొనేటప్పుడు చేతిలో ఏ పనిముట్టూ లేకపోతే ఈ పరీక్ష ఇప్పటికీ చెయ్యచ్చు. కానీ వేలు అంకెలు చెప్పదు. 90కీ 140కీ తేడా తెలియాలంటే గేజి కావాలి.

ఎంత ఉండాలి?

మా బండి కంప్రెషన్ నిష్పత్తి సుమారు 9:1. అంటే పిస్టన్ అట్టడుగున ఉన్నప్పుడున్న ఘనపరిమాణం, పైకి వచ్చేసరికి తొమ్మిదో వంతవుతుంది. సముద్ర మట్టం దగ్గర వాతావరణ పీడనం 14.7 పీ.ఎస్.ఐ. కనుక 14.7ని 9తో గుణిస్తే 132. గేజి వాతావరణాన్ని సున్నాగా లెక్కపెడుతుంది కాబట్టి 14.7 తీసేస్తే దాదాపు 118. మరి మాన్యువళ్ళలో 150, 170, ఒక్కోసారి 190 అని ఎందుకుంటుంది?

ఎందుకంటే గాలిని గబుక్కున నొక్కితే అది వేడెక్కుతుంది. సైకిలుకి గాలి కొట్టినప్పుడు పంపు అడుగు కాలటం మీకు గుర్తుండే ఉంటుంది. వేడెక్కిన గాలి ఇంకా గట్టిగా తోస్తుంది. వేడి ఏమాత్రం బయటికి పోకపోతే ఈ ఇంజనులోనే గేజి 300 దాకా వెళ్ళాలి. అంత వెళ్ళదు. గోడలు వేడిని లాగేసుకుంటాయి. పైగా ఇన్లెట్ వాల్వు పిస్టన్ పైకి బయలుదేరిన తరవాత కొంతసేపటికి గానీ మూసుకోదు కనుక నిజంగా నొక్కబడే గాలి పుస్తకంలో లెక్క కన్నా తక్కువ. రెండు వైపులా లాగగా లాగగా అంకె మధ్యలో ఎక్కడో నిలుస్తుంది. కాబట్టి నిష్పత్తిని బట్టి మనమే లెక్క కట్టకుండా మాన్యువల్ చూడటమే సరైన పని.

మాన్యువల్లో అంకె ఏ యూనిట్లలో ఉందో కూడా చూడండి. 1 బార్ అంటే 14.5 పీ.ఎస్.ఐ. చదరపు సెంటీమీటరుకి 1 కిలో అంటే 14.2 పీ.ఎస్.ఐ. గల్ఫ్‌లోనూ ఇండియాలోనూ కొన్న గేజిల మీద ఈ యూనిట్లే కనిపించవచ్చు.

మొదటి పొరపాటు: డెన్వర్ ఎక్కడుందో మర్చిపోవటం

మా బండి మాన్యువల్లోని అంకె 170 పీ.ఎస్.ఐ. కుర్రాడు ఆ 170నీ దుకాణం వాళ్ళ 110నీ పక్కపక్కన పెట్టుకుని కుమిలిపోతున్నాడు. కానీ మాన్యువల్ అంకె సముద్ర మట్టానికి చెప్పింది. డెన్వర్ 5,280 అడుగుల ఎత్తున ఉంది. సరిగ్గా ఒక మైలు. ఇక్కడ వాతావరణ పీడనం సుమారు 12.2 పీ.ఎస్.ఐ. మాత్రమే. అంటే సముద్ర మట్టంలో ఉండేదాంట్లో 83 శాతం. ఇంజను పీల్చే గాలే పల్చగా ఉన్నప్పుడు నొక్కిన గాలి కూడా అదే పాళ్ళలో తగ్గుతుంది. 170లో 83 శాతం అంటే 141. డెన్వర్లో ఆరోగ్యంగా ఉన్న ఇంజను చూపించాల్సింది 141, 170 కాదు.

చూశారా, ఇంకా బండి ముట్టుకోలేదు, అప్పుడే 29 పాయింట్ల లోటు మాయమైపోయింది. హ్యూస్టన్‌లోనో దుబాయ్‌లోనో ఉన్నవాళ్ళకి ఈ బాధ లేదు. కొలరాడో, న్యూమెక్సికో, జొహానెస్‌బర్గ్ లాంటి ఎత్తైన చోట్ల ఉన్నవాళ్ళు మాత్రం ఈ లెక్క తప్పక వేసుకోవాలి.

రెండో పొరపాటు: కొలవటంలో

తప్పు ఎక్కడుందో వెతికే ముందు, తప్పు చూపిస్తున్న పరికరాన్నే నమ్మచ్చా అని అడగాలి. కంప్రెషన్ కొలిచే పద్ధతిలో చిన్న అశ్రద్ధ జరిగినా అంకె తప్పుతుంది. తప్పినప్పుడు ఎక్కువసార్లు తక్కువ వైపే తప్పుతుంది. మేం పాటించిన వరస ఇది.

1. బేటరీని రాత్రంతా ఛార్జింగులో పెట్టాం. నీరసంగా తిరిగే ఇంజను గాలిని మెల్లిగా నొక్కుతుంది. మెల్లిగా నొక్కితే కారిపోవటానికి ఎక్కువ సమయం దొరుకుతుంది.

2. రెండు ప్లగ్గులూ విప్పేశాం. ఒకటే విప్పితే స్టార్టరు రెండో సిలిండరుతో కూడా కుస్తీ పట్టాలి.

3. విప్పిన ప్లగ్గులని వాటి టోపీల్లో పెట్టి, ఇంజను లోహానికి ఆనించి, ప్లగ్గు రంధ్రాలకి దూరంగా ఉంచాం. రవ్వకి దారి లేకపోతే ఇగ్నిషన్ పెట్టె పాడవచ్చు. రంధ్రాల దగ్గరే రవ్వ పుడితే బయటికి చిమ్మే పెట్రోలు ఆవిరి అంటుకోవచ్చు. ఇగ్నిషన్ ఆపి స్టార్టరు ఒక్కటే తిప్పే వీలున్న బండి అయితే ఇంకా మంచిది. ఈ పని గరాజు తలుపు తెరిచే చెయ్యండి.

4. థ్రాటిల్ పూర్తిగా తిప్పి పట్టుకున్నాం, చోక్ తీసేశాం. చాలామంది మరచిపోయేది ఇదే. థ్రాటిల్ మూసి ఉంటే ఇంజను ముక్కు మూసుకుని ఊపిరి పీల్చినట్టే.

5. గేజి చివర ప్లగ్గు మర ఎంతో అంతే ఉన్న ముక్కని చేత్తో బిగించాం. మోటార్‌సైకిళ్ళలో 10, 12, 14 మిల్లీమీటర్ల మరలు కనిపిస్తాయి. రబ్బరు మూతిని రంధ్రానికి అదిమి పట్టుకునే గేజిలు చవకే గాని, చెయ్యి కాస్త కదిలితే అంకె పడిపోతుంది.

6. సూది ఇంక పెరగటం ఆగేదాకా స్టార్టరు నొక్కాం. ఆరేడు చుట్లు సరిపోతాయి. ప్రతి సిలిండరుకీ మూడేసిసార్లు కొలిచి కాగితం మీద రాసుకున్నాం.

ఇంజను వేడిగా ఉన్నప్పుడు కొలవమని చాలా మాన్యువళ్ళు చెబుతాయి. మా బండి అసలు స్టార్టే కాలేదు కనుక చల్లగా ఉండగానే కొలిచాం. అంకె కొద్దిగా తక్కువ రావచ్చని గుర్తు పెట్టుకున్నాం.

గేజి విషయంలో ఇంకో మెలిక ఉంది. గాలిని వెనక్కి పోనివ్వని చిన్న వాల్వు గేజి గొట్టానికి ఇంజను వైపు చివర్లో ఉండాలి. గేజి దగ్గర ఉంటే గొట్టంలోని ఖాళీ కూడా సిలిండరు గదిలో కలిసిపోతుంది. కార్లకి ఇది పెద్ద లెక్కలోది కాదు. మనకి మాత్రం లెక్కే. ఒక్కో సిలిండరు 125 సీసీ, నిష్పత్తి 9 అనుకుంటే పిస్టన్ పైన మిగిలే గది 15.6 సీసీ మాత్రమే. గొట్టంలో 5 సీసీ ఖాళీ ఉంటే గది 20.6 అవుతుంది, నిష్పత్తి 9 నుంచి 7కి పడిపోతుంది. ఇంజను అదే, గొట్టం వల్ల రోగిష్టిదిగా కనిపిస్తుంది!

మాకు వచ్చిన అంకెలు: ఎడమ 95, కుడి 138. సరదాకి థ్రాటిల్ మూసి మళ్ళీ కొలిస్తే కుడి సిలిండరు 108కి దిగింది. దుకాణంలో వచ్చిన 110కి బాగా దగ్గర. వాళ్ళు ఎలా కొలిచారో నేను చూడలేదు కాబట్టి ఏమీ అనను. కానీ 141 రావలసిన చోట చల్లటి ఇంజనులో 138 చూపిస్తున్న కుడి సిలిండరుకి ఏ జబ్బూ లేదన్నది మాత్రం తేలిపోయింది. రెండు సిలిండర్లూ పోలేదు, ఉన్న సమస్య ఒక్క ఎడమ దానిలోనే. కుర్రాడి ముఖంలో మొదటిసారి కాస్త వెలుగు వచ్చింది.

మాన్యువల్ దొరక్కపోయినా జంట సిలిండర్ల బండికి ఈ సౌకర్యం ఉంది. ఒకదానికి రెండోదే కొలబద్ద. రెండింటి మధ్య 10-15 శాతం మించి తేడా ఉంటే పట్టించుకోవాలి. ఒకే సిలిండరున్న పెద్ద ఇంజన్లలో ఇంకో చిక్కుంది. స్టార్టు చెయ్యటం తేలికవటానికి చాలావాటిలో ఎగ్జాస్ట్ వాల్వుని కాస్త ఎత్తి పట్టే ఏర్పాటు క్యామ్‌లోనే ఉంటుంది. అలాంటి బండిలో గేజి తక్కువ చూపించటమే సహజం. అందుకే మాన్యువల్ చదవకుండా తీర్పు చెప్పకూడదు.

చెంచాడు నూనె పరీక్ష

ఇప్పుడు ఎడమ సిలిండరులో గాలి ఏ దారిన పోతోంది? పాతకాలం నుంచీ వస్తున్న పరీక్ష ఒకటుంది. ప్లగ్గు రంధ్రంలోంచి కొద్దిగా ఇంజనాయిల్ పోసి, రెండు చుట్లు తిప్పి, మళ్ళీ కొలవటం. నూనె పిస్టన్ చుట్టూ చేరి రింగుల సందులని తాత్కాలికంగా పూడుస్తుంది. అంకె బాగా పెరిగితే దోషం రింగులదో, సిలిండరు గోడదో. పెరగకపోతే వాల్వులదో గాస్కెట్‌దో. నూనె అక్కడిదాకా చేరదు కదా.

అయితే "ఒక టీస్పూను పొయ్యండి" అన్న సలహా కార్ల పుస్తకాల నుంచి వచ్చింది. టీస్పూను అంటే 5 మిల్లీలీటర్లు. మన గది మొత్తం 15.6 సీసీ. అందులో 5 సీసీ నూనె చేరితే గది 10.6కి కుదించుకుపోయి నిష్పత్తి దాదాపు 13 అవుతుంది. రింగులు ఎలా ఉన్నా అంకె ఎగిరి గంతేస్తుంది. మనమేమో "రింగులే!" అని కేకపెట్టి ఇంజను విప్పించుకుంటాం. నూనె ఇంకా ఎక్కువైతే అసలు ప్రమాదం. ద్రవం నొక్కితే నలగదు, కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది. అందుకని చిన్న ఇంజన్లకి పిల్లల మందు పోసే సిరంజితో ఒకటి, ఒకటిన్నర మిల్లీలీటర్లు చాలు. ఆరోగ్యంగా ఉన్న సిలిండరులో కూడా అంతే పోసి పోల్చి చూడండి. సిలిండరు నేలకి దాదాపు సమాంతరంగా పడుకుని ఉండే చిన్న బండ్లలో నూనె ఒక పక్కకే చేరుతుంది కనుక అక్కడ ఈ పరీక్షని పెద్దగా నమ్మకండి.

మా ఫలితం: ఎడమ 95 నుంచి 103. కుడి 138 నుంచి 147. రెండూ దాదాపు ఒకేలా పెరిగాయి. అంటే ఆ పెరుగుదల నూనె ఆక్రమించిన చోటు వల్ల వచ్చింది. ఎడమ రింగులు కుడి రింగుల కన్నా చెడ్డవి కావు.

సూది ఎక్కే తీరు కూడా ఒక సాక్ష్యమే. రింగులు అరిగితే మొదటి చుట్టులో తక్కువ చూపించి, చుట్టు చుట్టుకీ కొంచెం కొంచెం పైకి పాకుతుంది. వాల్వు కారుతుంటే మొదట్లోనే తక్కువ, ఆ తరవాత కూడా పెద్దగా పెరగదు. మా ఎడమ సూది రెండో రకంగానే ప్రవర్తించింది.

నోరు మూసుకున్న టాపెట్

మిగిలినవి వాల్వులు, గాస్కెట్. వీటిలో ముందు చూడాల్సింది చవకైనది. వాల్వు తోకకీ దాన్ని నొక్కే రాకర్‌కీ మధ్య చిన్న సందు ఉండాలి. మనవైపు టాపెట్లు సర్దటం అంటారే, అది ఈ సందునే. ఇది మిల్లీమీటరులో పదో వంతు అటూ ఇటూ ఉంటుంది, తలవెంట్రుక మందం అనుకోండి. ఇంజను వేడెక్కి వాల్వు సాగినప్పుడు ఈ సందు దాన్ని కాపాడుతుంది. సందే లేకపోతే వాల్వు పూర్తిగా మూసుకోదు.

ఇంజను పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు, ఆ సిలిండరు పిస్టన్ కంప్రెషన్ స్ట్రోకులో పైకొచ్చి ఆగిన చోట ఫీలర్ గేజి పెట్టి చూడాలి. ఇక్కడ ఒక జాగ్రత్త. ఫ్లైవీలు మీది గుర్తు నాలుగు స్ట్రోకుల్లో రెండుసార్లు ఎదురుగా వస్తుంది. ఒకసారి కంప్రెషన్ చివర, ఒకసారి పొగ బయటికి తోసిన చివర. ఇన్లెట్ వాల్వు కిందికి నొక్కుకుని మళ్ళీ పైకి వచ్చాక ఎదురయ్యే గుర్తే మనకి కావలసింది. మా బండిలో రెండు పిస్టన్లూ కలిసే పైకొస్తాయి. కానీ ఒకటి కంప్రెషన్లో ఉంటే రెండోది ఎగ్జాస్ట్‌లో ఉంటుంది. ఒకదాన్ని సర్దాక ఇంజనుని సరిగ్గా ఒక చుట్టు తిప్పి రెండోదాన్ని సర్దాలి.

కుడి వైపు రెండు వాల్వులూ సరిగ్గానే ఉన్నాయి. ఎడమ ఇన్లెట్ కూడా పరవాలేదు. ఎడమ ఎగ్జాస్ట్ దగ్గర నా దగ్గరున్న అతి పల్చని ఆకు, 0.04 మిల్లీమీటర్లది, కూడా దూరలేదు. రాకర్ని వేళ్ళతో ఊపితే ఏ కదలికా లేదు. దొంగ దొరికాడు!

సందు ఎందుకు పోయింది? వాల్వు మూసుకునే ప్రతిసారీ తన పీటని కొట్టుకుంటుంది. లక్షలసార్లు కొట్టుకుని కొట్టుకుని పీటలోకి కొంచెం కొంచెం దిగిపోతుంది. వాల్వు తల పైకి జరిగితే తోక కూడా పైకి జరిగి సందుని మింగేస్తుంది. దీనికి చప్పుడుండదు. టాపెట్ వదులైతే టకటకమని గోల చేస్తుంది, మనం వెంటనే మెకానిక్ దగ్గరికి పరుగెడతాం. బిగుసుకుపోతే బండి ఇదివరకటి కన్నా నిశ్శబ్దంగా, ముద్దుగా నడుస్తుంది. అసలు ప్రమాదం ఆ మౌనంలోనే ఉంది. ఎగ్జాస్ట్ వాల్వు తన వేడిని చాలావరకు పీటకి ఆనినప్పుడే వదిలించుకుంటుంది. ఆనకపోతే అంచు కాలిపోతుంది. అప్పుడు హెడ్డు దింపి వాల్వు మార్చక తప్పదు.

సందు మాన్యువల్లో చెప్పినంత పెట్టి, తాళం నట్టు బిగించి, బిగించాక మరోసారి ఆకు పెట్టి చూసి, కంప్రెషన్ మళ్ళీ కొలిచాం. ఎడమ 131! అయిన ఖర్చు వాల్వు మూతల రబ్బరు రింగులు, రెండు కొత్త ప్లగ్గులు, మధ్యాహ్నం భోజనం.

గాలి ఎక్కడ కారుతోందో వినటం

131 అంటే మంచి అంకే. కానీ వాల్వు అంచు కొంతైనా కాలిపోయిందేమోనని నాకు అనుమానం. అందుకు లీక్‌డౌన్ పరీక్ష చేశాం. పిస్టన్‌ని కంప్రెషన్ చివరి స్థానంలో ఉంచి, ప్లగ్గు రంధ్రంలోంచి కంప్రెసరు గాలిని 100 పీ.ఎస్.ఐ. దగ్గర పంపి, ఎంత శాతం కారిపోతోందో రెండు గేజిల మీద చూడటమే ఈ పరీక్ష. ఒక హెచ్చరిక: 54 మిల్లీమీటర్ల పిస్టన్ మీద 100 పీ.ఎస్.ఐ. అంటే దాదాపు 160 కిలోల బరువు. పిస్టన్ పైస్థానం నుంచి కొంచెం పక్కకి ఉన్నా క్రాంకు గిర్రున తిరుగుతుంది. దానికి తగిలించిన పానా చేతి ఎముకలు విరగ్గొట్టగలదు. పానా తీసేసి, బండి గేరులో పెట్టి, వెనక బ్రేకు తొక్కిపట్టి, గాలి మెల్లిగా పెంచండి.

ఈ పరీక్షలో అంకె కన్నా చెవి ముఖ్యం:

కార్బురేటర్ వైపు నుంచి "సుస్సు" మంటే ఇన్లెట్ వాల్వు.
సైలెన్సరు గొట్టంలోంచి వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వు.
ఇంజనాయిల్ పోసే మూత తీస్తే అక్కణ్ణించి వినిపిస్తే రింగులు.
పక్క సిలిండరు ప్లగ్గు రంధ్రంలోంచి వస్తే, లేదా నీళ్ళతో చల్లబడే బండిలో రేడియేటరులో బుడగలు వస్తే, హెడ్ గాస్కెట్.

మంచి ఇంజనులో కూడా రింగుల దగ్గర కొంత కారుతుంది, దానికి కంగారు పడక్కర్లేదు. 10 శాతం లోపు ఉంటే భేష్. 20 దాటితే కారణం వెతకాలి. మాకు కుడి 9, ఎడమ 13 వచ్చాయి. ఎడమ వైపు సైలెన్సరులో సన్నగా చప్పుడు వినిపించింది. వాల్వు కాస్త అలిసిపోయింది గాని కాలిపోలేదు. రెండు వందల మైళ్ళు తిరిగాక వేడి ఇంజను మీద కొలిస్తే ఎడమ 136, కుడి 141. ఇంజను విప్పాల్సిన పని రాలేదు.

పాత బండి కొనే ముందు

అన్ని కథలూ ఇలా సుఖాంతం కావు. కాబట్టి కొనబోయే ముందే ఈ నాలుగు పనులూ చెయ్యండి.

ఇంజనుని చేత్తో ముట్టుకుని చల్లగా ఉందో లేదో చూడండి. మీరు వచ్చేలోగా వేడి చేసి పెట్టారంటే చల్లగా స్టార్టు కాదేమోనని అనుమానించాలి.

పొగ రంగు చూడండి. ఏక్సిలరేటర్ తిప్పినప్పుడు నీలం పొగ వస్తే రింగుల మీద అనుమానం. చాలాసేపు ఆగి బయలుదేరినప్పుడో, స్టార్టయిన వెంటనే కాసేపో వస్తే వాల్వు కాడల సీళ్ళు. ఈ సీళ్ళు అరిగితే నూనె తాగుతుందే గాని కంప్రెషన్ తగ్గదు.

టాపెట్లు ఎప్పుడు సర్దారో అడగండి. "చప్పుడు లేదు కదా" అన్న జవాబు జవాబు కాదు.

వీలుంటే కంప్రెషన్ గేజి వెంట తీసికెళ్ళండి. కానీ మంచి అంకె కూడా అన్నిసార్లూ నిజం చెప్పదు. నూనె తాగే ఇంజనులో ఆ నూనే రింగులని పూడ్చి అంకెని నిలబెట్టచ్చు. అలాగే స్టార్టు కాక పదేపదే ప్రయత్నించిన బండిలో పెట్రోలు గోడల మీది నూనెని కడిగేసి, బాగున్న ఇంజనుని కూడా తక్కువ చూపించచ్చు. ఫోనుకి తగిలించే చిన్న కెమెరాలు ఇప్పుడు చవగ్గా దొరుకుతున్నాయి. ప్లగ్గు రంధ్రంలోంచి పంపితే సిలిండరు గోడ మీది గీతలు కంటికే కనిపిస్తాయి.

చివరిగా

సాయంత్రం బండి మొదటి నొక్కుకే స్టార్టయింది. కుర్రాడు వీధి చివరిదాకా వెళ్ళి వచ్చి, హెల్మెట్ తీసి, కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత, "అన్నయ్యా, అతనికి ఇది తెలిసి ఉంటుందంటారా?" అన్నాడు.

"టాపెట్లు చూసుకోలేదు, అది అతని అశ్రద్ధ. కానీ ఆ బండి అతని చేతిలో నిశ్శబ్దంగా నడిచింది. కనపడని జబ్బుని దాచిపెట్టాడని ఎలా అంటావు?" అన్నాను.

ఇండియాలో అప్పటికి తెల్లవారింది. మా గరాజులోనే నిలబడి ఫోను చేశాడు. నాకు ఒక వైపు మాటలే వినిపించాయి. "సారీ బ్రదర్, తొందరపడ్డాను. రింగులు కావు... వాల్వు... లేదు లేదు, డబ్బులు వద్దు." అవతలి వాడు ఉద్యోగం పోయి ఇల్లు చేరిన మనిషి. దాని మీద దొంగ అన్న ముద్ర కూడా మోస్తూ రెండు వారాలు గడిపాడు. ఆ తరవాత మనవాడు తను ముందు చెప్పిన స్నేహితులందరికీ మళ్ళీ ఫోన్లు చేశాడు. అది 1,800 డాలర్ల కన్నా పెద్ద పనని నా అభిప్రాయం.

ఒక్క అంకెని చూసి ఇంజనుని విప్పకండి. మనిషి మీద తీర్పు అసలే చెప్పకండి. ఎత్తు సరిచూసుకోండి, థ్రాటిల్ తెరవండి, రెండో సిలిండరుతో పోల్చండి, చవకైన కారణాన్ని ముందు వెతకండి. గేజి ఖరీదు ముప్పై నలభై డాలర్లు. మీ ఊళ్ళో నలుగురు కలిసి ఒకటి కొనుక్కున్నా చాలు.